ఎడమ తలుపు చెక్క

మల్లేశం చేతికి ఏ కర్ర వచ్చినా నూనెలో వేసేవాడు. ముప్పై ఏళ్ల అలవాటు అది. సాంచ మీద, అంటే మరమగ్గం మీద, నాడెను అటూ ఇటూ కొట్టే కర్ర నిమిషానికి వంద దెబ్బలకు పైనే తింటుంది. పచ్చిగా బిగిస్తే వారం తిరగకముందే పగిలి, ఆ ముక్క ఎగిరి నేసేవాడి మొహాన పడుతుంది. అదే కర్ర నెల రోజులు నూనెలో నానితే ఏడాది నిలుస్తుంది. అందుకని అతని ఇంటి గోడ పక్కన సగానికి కోసిన ఇనుప డ్రమ్ము ఒకటి ఎప్పుడూ నూనెతో ఉండేది. భార్య రాజమణి రొట్టెల కర్ర కూడా ఒకసారి అందులో తేలింది. ఆ రోజు ఆమె పెట్టిన శాపనార్థాలను కామత్‌ఘర్‌లోని ఆ గల్లీ వాళ్లు చాలాకాలం చెప్పుకొని నవ్వారు.

సిరిసిల్ల పక్క పల్లె నుంచి మేనమామ వెంట పదిహేడో ఏట మహారాష్ట్రలోని భివండీ వచ్చాడు మల్లేశం. మొదట కండెలు చుట్టాడు. తర్వాత నాలుగు సాంచలు నడిపాడు. తర్వాత జాబరయ్యాడు. అంటే ఏ సాంచ ఆగినా పానా పట్టుకొని అక్కడికి ఉరికేవాడన్నమాట. కాశీనాథ్ సేటు కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచలుండేవి. కాశీనాథ్‌దీ కరీంనగర్ వైపే. అతని తండ్రి కాలంలోనే వాళ్లు నేసేవాళ్ల నుంచి నేయించేవాళ్లయ్యారు. జాబరు ఎప్పుడూ పిలుపుకు అందేటట్టు ఉండాలని కార్ఖానా వెనక వాకిట్లోనే మల్లేశానికి రెండు గదులిచ్చాడు సేటు. ఆ గదుల్లోనే అమర్ పుట్టాడు. నాలుగేళ్లకు ప్రాజక్త పుట్టింది. సాంచల చప్పుడు ఆగితే పిల్లలు నిద్రలోంచి లేచి ఏడ్చేవాళ్లు.

ఆ వాకిట్లో ఒక మూల, నూలు చుట్టే విరిగిన బీముల వెనక, ఒక కారు ఉండేది. ఆస్టిన్ కారు. కాశీనాథ్ తండ్రి మంచి రోజుల్లో బొంబాయిలో ఎవరో దొర దగ్గర కొన్నది. ఆయన పోయాక దాన్ని ఎవరూ తీయలేదు. ఏళ్ల తరబడి పత్తి దూది దాని మీద పేరుకుని, కారు ముసుగేసుకొని పడుకున్న గొడ్డులా కనబడేది. అమర్ చిన్నతనమంతా అందులోనే గడిచింది. స్టీరింగు పట్టుకొని నోటితో హారన్ కొట్టేవాడు. చెల్లెలిని వెనక కూర్చోబెట్టి ఊరికి తీసుకుపోతున్నానని కామారెడ్డి, సిరిసిల్ల అని అరిచేవాడు.

పదో తరగతి తర్వాత సాంచల మీదికి రానని అమర్ తేల్చి చెప్పాడు. ఠాణా రోడ్డులో ఒక గ్యారేజీలో చేరాడు. ఇరవై మూడో ఏట ఒకనాడు కాశీనాథ్ సేటు ముందు నిలబడి, ఆ కారు నాకియ్యండి, నడిపిస్తాను అన్నాడు. సేటు నవ్వి, నడిస్తే నీదే, తీసుకో అన్నాడు.

ఏడాదిన్నర పట్టింది. ఆదివారాలు, సెలవులు, గ్యారేజీ నుంచి వచ్చాక చీకటి పడేదాకా. ఇంజను దించాడు, ఎక్కించాడు. తుప్పు గీకాడు. నల్లరంగు కొట్టాడు. ఒక సాయంత్రం అది మొదటిసారి దగ్గి, ఉమ్మి, నిలకడగా మోగింది. సాంచల మీదున్న వాళ్లంతా వాకిట్లోకి ఉరికొచ్చారు. లోపలి పని ఒక్కటే మిగిలింది. ఆ కారులో ముందు అద్దం కింద అడ్డంగా ఒక పొడుగు చెక్క, నాలుగు తలుపుల కిటికీల కింద నాలుగు చెక్కలు, వాటి పక్కన చిన్న చిన్న పట్టీలు ఉన్నాయి. మొత్తం పన్నెండు. పాత వార్నిషు నల్లబడి, పొలుసులు లేచి, చేప చర్మంలా ఉండేది. అమర్ అన్నీ ఊడదీసి ఒక్కో చెక్క వెనక నీలి పెన్సిలుతో ఏదో రాశాడు. బట్టల తాకాల మీద, అంటే తానుల మీద, గుర్తులు పెట్టే మైనపు పెన్సిలు అది. వానకు తడిసినా పోదని అదే తెచ్చాడు. అన్నింటినీ గోనెసంచిలో చుట్టి తండ్రి ముందు పెట్టాడు.

"చెక్క పని నీది బాపు. ఇది నా చేతుల లేదు" అన్నాడు.

రాజమణి తలుపులోంచి, లోపల కూసుంటె సున్నం రాలే ఇంట్ల ఉన్నోళ్లకు ఇసుంటి సోకులెందుకు అన్నది. మొదట నువ్వే కూర్చోవాలి అవ్వా, ముందు సీట్లో, నా పక్కన, ఆ తర్వాతే ఎవరైనా అని అమర్ అన్నాడు. ఆమె చీపురు చూపించి లోపలికి పోయింది. కానీ మరునాడు నల్లా దగ్గర పక్కింటి దుర్గవ్వతో ఆ మాటే చెప్పుకొని మురిసింది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం అమర్ ఆ కారు కిటికీకి అద్దం వెతుక్కుంటూ మోటారుసైకిల్ మీద పోయాడు. అద్దం దొరికింది. దాన్ని కోరా గుడ్డలో చుట్టి వీపుకు కట్టుకొని వస్తుంటే కాల్హేర్ దగ్గర కంటైనర్ లారీ గోడౌనులోంచి వెనక్కి వచ్చింది. డ్రైవరు చూడలేదు. మల్లేశం అక్కడికి చేరేసరికి రోడ్డు మీద అద్దం పెంకులు మెరుస్తున్నాయి. మిగతాది జనం కప్పేశారు.

పదకొండో రోజు అయిపోయాక రాజమణి వాకిటివైపు కిటికీ మూసేసింది. అది మళ్లీ తెరవలేదు. గాలి ఆడక ఆ గది కమిలిపోతుండేది. మల్లేశం ఒకసారి తీయబోయాడు.

"గా కారు నా పోరన్ని మింగింది. నేను దాని మొకం జూడ" అన్నది రాజమణి. అంతకుమించి ఆమె ఆ కారు మాట ఎత్తలేదు.

నాలుగు నెలలు మల్లేశం కూడా గోనెసంచి ముట్టలేదు. వానలు మొదలైన వారం కాశీనాథ్ సేటు అతన్ని పిలిచి కూర్చోమన్నాడు. ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి కూర్చోమన్నాడంటేనే మల్లేశానికి సగం తెలిసిపోయింది. కార్ఖానా అమ్మేశాడు. దసరాకు సాంచలకు ఆఖరి పూజ. ఆ తర్వాత అవి తూకానికి పోతాయి. కొన్నవాళ్లు గోడలతో సహా పడగొట్టి గోడౌను కడతారు. మల్లేశం గదులు కూడా దసరాకే వదలాలి. కారు సంగతేమిటని మల్లేశం అడిగాడు. అమర్‌కు ఇచ్చినమాట నిజమే, నీ దగ్గర స్థలముంటే పెట్టుకో, లేకపోతే నిజాంపురాలో పెళ్లిళ్లకు కార్లు కిరాయికిచ్చేవాడు ఒకడున్నాడు, తీసుకుపోతాడని సేటు అన్నాడు. మల్లేశం సంపాదనకు దొరికేది ఒంటిగదే, దాని తలుపు ముందు సైకిలు పెడితేనే మనిషి పక్కకు తిరిగి నడవాలి. స్థలం ఎక్కడిది.

ఆ సాయంత్రం మల్లేశం గోనెసంచి విప్పాడు. దసరాలోపు కారు పూర్తి చేయాలి. రాజమణిని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ముందు సీట్లో కూర్చోబెట్టాలి. తర్వాత అది ఏ దిక్కుకు పోయినా పోనీ. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. రాజమణికైతే అసలే చెప్పలేదు.

విరిగిన సీసా పెంకుతో పాత వార్నిషు గీకాడు. పొలుసులు గాలికి లేచి రెప్పల మీద పడేవి. అడుగున తేనెరంగు చెక్క, నీటి మీద గాలి వీచినట్టు గీతలు తీరి బయటపడింది. ఎండి, గరగరలాడుతూ, దాహం వేసినట్టుంది చెక్క. మల్లేశం చేయి దాని మీద పెట్టి చూసుకున్నాడు. వెనక నీలి రాతలు కనబడ్డాయి. అవి మరాఠీ అక్షరాలు. పిల్లలు మరాఠీ బడిలో చదివారు. మల్లేశానికి తెలుగు కూడబలుక్కుని వస్తుంది గాని అవి రావు. కుడి, ఎడమ అని గుర్తులు పెట్టుకొని ఉంటాడు, ఆకారం చూస్తే నాకే తెలుస్తుంది కదా అనుకున్నాడు. అనుకొని, ఆలోచనే లేకుండా, పదకొండు చెక్కలను వరసగా డ్రమ్ములో ముంచాడు. అద్దం కింది పొడుగు చెక్క ఎటు తిప్పినా అందులో పట్టలేదు. దాన్ని గోడకు ఆనించాడు. మిగతావి తేలకుండా మీద రెండు ఇటుకలు పెట్టాడు.

మూడు వారాలకు తీసి చూస్తే పైపొర ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే అప్పడంలా కదిలింది. ఒక మూల పట్టుకుంటే చేతిలోకి లేచి వచ్చింది. అడుగున వేరే చెక్క ఉంది, ఏదో సాదా రకం. మల్లేశం మిగతా పదీ ఒక్కొక్కటే తీసి చూశాడు, అన్నీ అంతే.

నిజాంపురాలో మంచాలకు, బీరువాలకు పాలిష్ పట్టే కనకయ్య దగ్గరికి ఒక చెక్క పట్టుకుపోయాడు. కనకయ్య వడ్రంగి, మంథని దగ్గరివాడు. ముక్కుకు దగ్గరగా పెట్టుకొని చెక్కను వాసన చూశాడు.

"నూనెల ఏసినవా మల్లేశం?"

"ఏసిన."

"సాంచ కర్రనా ఇది? దెబ్బలు తినేది గాదు, మొకం జూపేది. పైన గింత సన్న పొర, లోపల అతికిన సరేసు. నీ సరేసంత నీ డ్రమ్ముల ఉన్నది, పో, పోయి సూస్కో. జాబరు పెండ్లికి పోయినా పానా పట్కపోతడన్నట్టున్నది నీ యవ్వారం."

తిట్టాడు గాని దారి కూడా చెప్పాడు. సుద్దపొడిలో చెక్కలను పాతిపెట్టి రోజూ పొడి మార్చమన్నాడు. నూనె దిగాక సరేసు మళ్లీ కాచి పూసి, పొర అతికించి, బరువు కింద పెట్టమన్నాడు. ఎంత చేసినా నూనె పూర్తిగా పోదని, అది చెక్కలో ఏళ్లు దాగి ఉంటుందని కూడా అన్నాడు. వానలు తగ్గేదాకా పాలిష్ ముట్టొద్దని, గాలిలో తేమ ఉంటే తెల్లగా బూజు పట్టినట్టు అవుతుందని హెచ్చరించాడు. మల్లేశం తలూపి వింటున్నాడు. ముప్పై ఏళ్లుగా ఇతరులకు పని చెప్పిన మనిషి.

శ్రావణమంతా, భాద్రపదం సగం సుద్దపొడితోనే పోయింది. తెల్లటి పొడి మర్నాటికి పసుపుబారేది. పారేసి కొత్తది పోసేవాడు. సాంచలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. పని చేసేవాళ్లు వేరే కార్ఖానాలకు పోతున్నారు. పిలిచేవాళ్లు తగ్గాక మల్లేశానికి పగలంతా తీరికే. గల్లీలో కొందరు, కొడుకు పోయి ఏడాది తిరగనే లేదు, కారుకు సింగారమేందని చాటున అన్నారు. దుర్గవ్వ అయితే చాటుకు కూడా పోలేదు. మల్లేశం విన్నాడు, పొడి మార్చాడు.

చెక్కలు పొడిబారాక సరేసు కాచాడు. ఇల్లంతా చచ్చిన పశువు వాసన. రాజమణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక్కో చెక్కకు పొర అతికించి, పాత సాంచ ఇనుములు బరువు పెట్టాడు. తర్వాత సన్న రేగ్మాల్ కాగితంతో నునుపు తీశాడు. లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టాడు. దూదికి భివండీలో కరువా, కాని దాని మీద చుట్టడానికి మెత్తటి గుడ్డ కావాలి. కోరా గుడ్డలో గంజి ఉంటుంది, గీతలు పడతాయి, బాగా ఉతికి ఉతికి అరిగిన గుడ్డే కావాలని కనకయ్య చెప్పాడు. మల్లేశం ఇంట్లో ఆ మాట పైకి అన్నాడు, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. పొద్దున గడప మీద చింపిన పాత చీర ముక్క మడతపెట్టి ఉంది. రాజమణిది, నీళ్లలో నానినంత మెత్తగా ఉంది. ఆమె లోపల బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

ఆ గుడ్డతోనే సున్నాలు చుట్టినట్టు తిప్పుతూ పాలిష్ పట్టాడు. ఒక పూత, ఆరడం, మళ్లీ రేగ్మాల్, మళ్లీ పూత. పదిహేనో పూతకో ఇరవయ్యో పూతకో చెక్క లోపలి నుంచి వెలుగు వచ్చినట్టయింది. అతని మొహం అందులో కనబడింది. దసరాకు ఇంకా ఎనిమిది రోజులుంది. కొలతలు చూసి, ఆకారం చూసి, పదకొండు చెక్కలనూ వాటి చోట్లలో బిగించాడు. ఒక్కటీ తప్పు పోలేదు. పొడుగు చెక్క ఒక్కటి ఆఖరున బిగిద్దామని పక్కన పెట్టాడు. అన్నం తింటుంటే గదిలో గాలి ఆడినట్టనిపించింది. చూస్తే వాకిటివైపు కిటికీ రెక్క వేలెడంత తెరిచి ఉంది.

అతను కిటికీని చూశాడని రాజమణికి తెలియకుండా చూశాడు. రేపు అడుగుదామనుకున్నాడు. తల స్నానం చేసి రమ్మని, ఒక్కసారి కూర్చొని లెమ్మని.

మర్నాడు ఆదివారం. కళ్యాణ్‌లో నర్సు కోర్సు చేస్తున్న ప్రాజక్త ఇంటికి వచ్చింది. అన్న పోయాక ఆమె కూడా వాకిట్లోకి పోయేది కాదు. ఆ రోజు కారు మెరుపు చూసి మెల్లగా దగ్గరికి వచ్చింది. తలుపు తీసి చెక్క మీద చేయి వేసింది. మంచిగున్నది బాపు అన్నది. గోడకానించిన పొడుగు చెక్క వెనక్కి తిప్పి చూసి, దాని మీది రాత మెల్లగా చదివింది.

"బాపుకు చెప్పాలె, మరలు పాతయే వాడాలె. అట. అన్న రాసిండు."

మల్లేశం పానా కింద పెట్టాడు. అవి తెలుగు మాటలా అని అడిగాడు. తెలుగే, వాడికి తెలుగు అక్షరాలు రావు కదా, మరాఠీ అక్షరాల్లో రాశాడు, తను టార్చి పట్టుకుంటే రాశాడు, అన్నింటి మీదా ఏదో ఒకటి రాశాడని ప్రాజక్త చెప్పింది. తను కూర్చునే వెనక సీటు చెక్క మీద మోటి అని రాస్తే, నేను లావా అని తను వీపున గుద్దిందట. చెబుతూ నవ్వింది. అన్న పోయాక ఆ పిల్ల నవ్వడం మల్లేశం అదే చూడడం.

"మిగిలినయి ఇప్పి చూపియ్యి బాపు. అవ్వ దాని మీద పెద్దగ రాసిండు."

మల్లేశం డ్రమ్ము వైపు చూశాడు. ఆమె రెండోసారి అడిగింది. అప్పుడతను నూనెలో వేశానని చెప్పాడు. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. వెనక సీటు పక్కన ఉన్న చిన్న పట్టీని తనే పానాతో విప్పి తిప్పింది. గోధుమరంగు చెక్క, నూనె మరక. ఇంకేమీ లేదు. ఆమె డ్రమ్ము దగ్గరికి పోయి వంగి చూసింది. నల్లటి నూనె అంచున, ఇనుముకు అంటుకొని, సన్నటి నీలి జిడ్డు ఒక వలయంలా ఉంది.

"కాయ్ కేలస్ బాపు" అన్నది, గొంతు పైకి రాకుండా. ఏం జేసినవ్ అని. అది మరాఠీలో అన్నందుకు మల్లేశానికి ఇంకా దూరమైనట్టనిపించింది.

కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకొని ఉంది. రాజమణి అక్కడ లేదు. ఆమె అప్పటికే గడప దాటి వస్తోంది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి వాకిట్లో నడుస్తోంది. చెప్పులు కూడా లేవు, రాలిన ఇనుప మరల మధ్య నుంచే వచ్చింది. కారును చూడలేదు. మల్లేశాన్ని చూసింది.

"ఏది నాది?"

అతను ఎడమవైపు ముందు తలుపు చూపించాడు. తేనెరంగులో మెరుస్తోంది ఆ చెక్క. పన్నెండింటిలో అన్నిటికంటే బాగా కుదిరింది కూడా అదే.

"ఏం రాసిండు?" అని కూతుర్ని అడిగింది.

ప్రాజక్త చేతిలోని పట్టీని కింద పెట్టింది. మళ్లీ అడిగితే చెప్పింది. "అవ్వ కూసునే దిక్కు. మెల్లగ ఎయ్యాలె తలుపు. అని."

"ఇప్పు" అన్నది రాజమణి.

ఇప్పుడు కూర్చుంటావా అని అడగాలనుకున్నాడు మల్లేశం. నాలుగు నెలలుగా లోపల దాచుకున్న మాట అది. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. మోకాళ్ల మీద కూర్చొని నాలుగు మరలు విప్పాడు. పాత మరలే. ఒక్కటి కూడా కొత్తది వేయలేదు. ఎవరూ చెప్పకుండానే పాతవి వాడాడు.

రాజమణి చెక్కను తిప్పి పట్టుకుంది. ఆమెకు ఏ అక్షరాలూ రావు. రాత ఉన్నా ఆమె చదవగలిగేది కాదు. బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివరకు రుద్దుకుంటూ పోయింది, గుడ్డివాళ్లు వెతికినట్టు. వేలుకు నూనె అంటింది. వాసన చూసుకుంది. అది మల్లేశం వాసన. ముప్పై ఏళ్లుగా ఆమె పక్కన పడుకున్న వాసన.

"నువ్వు సచ్చినా గా నూనె ఇడువవు" అన్నది. తిట్టినట్టు లేదు. అలసిపోయి అన్నట్టుంది.

చెక్కను కొంగులో చుట్టుకొని లోపలికి పోయింది. తలుపు తెరిచే ఉంది, సీటు ఖాళీగా ఉంది, దాని మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. ఆ గుడ్డ ఎవరి కోసం పరిచాడో ప్రాజక్తకు అర్థమై మొహం తిప్పుకుంది. మల్లేశం చాలాసేపు ఆ తలుపు పట్టుకొని నిలబడ్డాడు. తర్వాత మెల్లగా వేశాడు.

పొడుగు చెక్కను రాత లోపలికి ఉండేటట్టు పాత మరలతోనే బిగించాడు. దసరా నాడు సాంచలకు ఆఖరి పూజ చేశారు. మల్లేశం ఇంట ఆ ఏడు పండుగ లేదు కాబట్టి దూరం నుంచి చూశాడు. మూడో రోజు నిజాంపురా మనిషి కారు కోసం వచ్చాడు. చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు. ముందు తలుపు తీసి, నాలుగు మర రంధ్రాలతో బోసిగా ఉన్న ఇనుమును చూసి, ఇక్కడి చెక్క ఏమైంది, పెళ్లికూతురు ఎక్కే దిక్కు ఇది, అన్నాడు.

"అది ఇంట్ల ఉన్నది. ఇచ్చేది గాదు" అన్నాడు మల్లేశం.

ఇంజను మొదటి దెబ్బకే మోగింది. కారు గల్లీ మలుపు తిరిగేదాకా మల్లేశం చూశాడు. లోపల తెరిచిన కిటికీ దగ్గర రాజమణి సామాను మూటలు కడుతోంది. చప్పుడు దూరమయ్యేదాకా ఆమె చేతులు ఆగాయి, తర్వాత మళ్లీ ముడి వేశాయి.

ఒంటిగదికి మారాక మల్లేశం ఆరేళ్లు బతికాడు. వేరేవాళ్ల కార్ఖానాలో జాబరుగా చేశాడు. కొత్త జాగాలో కూడా డ్రమ్ము పెట్టమన్నారు, పెట్టాడు. కాని దేన్నయినా అందులో వేసేముందు ముందుకూ వెనక్కూ రెండుసార్లు తిప్పి చూసుకునేవాడు. కర్రకు వెనక ఏముంటుంది మల్లేశం అని వాళ్లు నవ్వేవాళ్లు.

అతను పోయాక రాజమణి పెట్టె సర్దుతుంటే ప్రాజక్త ఆ చెక్కను చూసింది. పెళ్లినాటి పట్టుచీర మడతల మధ్య పెట్టి ఉంది. ముందు వైపు పాలిష్ ఇంకా మెరుస్తోంది. కనకయ్య చెప్పినట్టే వెనక వైపు నుంచి ఏళ్ల తరబడి నూనె దిగి, చీర మడత మడతకూ ఇంకి, పదకొండు చోట్ల ఒకే ఆకారంలో మరక పడింది. చీర పాడైపోయింది, చెక్కను కాగితంలో చుట్టి వేరే పెడతానని ప్రాజక్త అన్నది.

రాజమణి దాన్ని ఆమె చేతిలోంచి తీసుకొని, అదే మడతలో మళ్లీ పెట్టి, పెట్టె మూసింది.